ముప్పై రెండు క్లిక్కులు

బావ నోటుపుస్తకం చంకలో పెట్టుకుని షెడ్డులోకి వస్తున్నాడంటే ఆ పూటకి మేస్త్రి పని అటకెక్కినట్టే. పరాయివాడైతే ఏదో ఒకటి చెప్పి పంపించెయ్యొచ్చు. సాక్షాత్తూ అక్క మొగుడు. కూర్చోమనాలి, టీ తెప్పించాలి, ఆయన చెప్పే లెక్కలన్నీ వినాలి. నాలుగు నెలలుగా ఇదే వరస.

మేస్త్రి పని కార్ల కింద స్ప్రింగులూ, వాటి ఊపుని ఆపే షాకులూ విప్పడం, బిగించడం. ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నాడు కాబట్టి అందరికీ మేస్త్రి అయిపోయాడు. బావ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఉన్నది ఒక్కటే కారు. సోమవారం నుంచి శనివారం దాకా అది సంసారం కారు. అక్కని ఆఫీసులో దింపాలి, తుంటి ఆపరేషనయి వాళ్లింట్లోనే ఉంటున్న అక్కా మేస్త్రిల నాన్నని వారానికి మూడుసార్లు క్లినిక్కి తీసుకెళ్లి కాలి వ్యాయామాలు చేయించాలి. ఆదివారం వచ్చేసరికి అదే కారు బావని ఎక్కించుకుని రేస్ ట్రాక్ మీద గిరగిరా తిరగాలి. నలభై నాలుగేళ్ల మనిషి హెల్మెట్ పెట్టుకుని అద్దంలో చూసుకుంటాడని అక్క చెబితే మేస్త్రి నమ్మలేదు. తర్వాత స్వయంగా చూశాడు.

ఊళ్లో మెత్తగా, ట్రాక్ మీద బిరుసుగా ఉండాలంటే కాయిలోవర్లు వేయించుకోవాలి. ఇందులో స్ప్రింగూ షాకూ కలిసి ఒకే గొట్టంగా వస్తాయి. కారు ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. గొట్టం నెత్తిన ఒక చిన్న నాబ్ ఉంటుంది. ఒకవైపు తిప్పుకుంటూ పోతే షాకు బిరుసెక్కుతుంది, వెనక్కి తిప్పితే మెత్తబడుతుంది. సున్నా నుంచి మొదలుపెడితే ముప్పై రెండు క్లిక్కులు. ఈ సంగతి మేస్త్రే చెప్పాడు. ఆ చెప్పిన నోటిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నాడో లెక్కలేదు.

ఎందుకంటే బావ ఎంచుకోవడం మొదలుపెట్టాడు. ఒక రకం బాగుందన్నాడు, వారం తిరక్కుండానే దాని గొట్టానికి వానాకాలంలో తుప్పు పడుతుందని ఎక్కడో చదివొచ్చాడు. ఇంకోటి తుప్పు పట్టదు కానీ పాడైతే విడిభాగాలు ఓడలో రావాలట. మూడోది ఖాయం చేసి, ముహూర్తం పెట్టుకుని, తెల్లారేసరికి స్ప్రింగు ఎంత బిరుసుండాలో మళ్లీ మొదటికొచ్చాడు. మేస్త్రి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు, సంసారానికి వాడే కారుకి మరీ అంత బిరుసు స్ప్రింగులు వద్దని. గోడకి చెప్పుకున్నట్టే అయింది. బావ కారులో ఎక్కే ప్రతి మనిషినీ తూకం వేసి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. అక్క తన బరువు చెప్పడానికి ససేమిరా అంటే, అయిదు కిలోలు ఎక్కువే రాస్తానని బెదిరించి మరీ ఎక్కించాడట. నాన్నని కూడా చేతికర్రతో సహా మిషన్ మీద నిలబెట్టి, తర్వాత కర్ర బరువు తీసేశాడు.

చివరికి బావ కోరిన బిరుసు స్ప్రింగులే వచ్చాయి. మేస్త్రి బిగించాడు, తల ప్రాణం తోకకొచ్చి బిగించాడు. నాన్న ఇబ్బంది పడకూడదని తనే ఒక షరతు పెట్టాడు. ఆదివారం ట్రాక్ మీద నీ ఇష్టమొచ్చినట్టు తిప్పుకో, సోమవారం పొద్దున నాన్న ఎక్కేలోపు నాలుగు నాబ్‌లూ సున్నాకి రావాలి, అప్పుడు పరుపు మీద పడుకున్నట్టుంటుంది అన్నాడు. బావ బుద్ధిగా రాసుకున్నాడు. అంతటితో పీడ విరగడయిందనుకున్నాడు మేస్త్రి.

మూడో వారం అక్క ఫోన్ చేసింది. నాన్న కారెక్కనంటున్నాడని. ఒకరోజు కాదు, వరసగా నాలుగు వ్యాయామాలు ఎగ్గొట్టాడట. ఈ సోమవారం కూడా రాకపోతే కీలు బిగుసుకుపోతుందనీ, ఆ పైన జన్మంతా చేతికర్ర తప్పదనీ క్లినిక్ ఆవిడ మొహమ్మీదే చెప్పేసింది. అద్దె కారు పిలిస్తే నాన్న దానికీ తల అడ్డంగా ఊపాడు. ఇంట్లో అల్లుడి కారు పెట్టుకుని అద్దె కారెక్కితే అల్లుడి పరువేం కాను అన్నాడట. అటు ఆ కారెక్కడు, ఇటు ఈ కారెక్కడు. ఎందుకని అడిగితే ఏం లేదంటాడు. ఇదంతా బావ పుణ్యమేనని అక్క తేల్చేసింది. ఆదివారం తిప్పిన నాబ్‌లు సోమవారం తిరిగి తిప్పడం లేదు, అందుకే నాన్న నడుం విరుగుతోంది. సోమవారం పది గంటలకల్లా ఆ ఇనప గొట్టాలు పీకి పాతవి బిగించకపోతే నీ మొహం చూడనని తమ్ముడికి చెప్పి ఫోన్ పెట్టేసింది. అది పెట్టీ పెట్టగానే బావ ఫోన్. ప్రతి సోమవారం తిప్పుతున్నాననీ, కావాలంటే పుస్తకంలో టైముతో సహా రాసి ఉందనీ మొదలుపెట్టాడు. మొగుడూ పెళ్లాల మధ్య తన చెవులు హోరెత్తిపోతుంటే మేస్త్రికి ఒళ్లు మండిపోయింది.

సోమవారం పొద్దున ఎవరికీ చెప్పకుండా వాళ్లింటికి వెళ్లాడు. బానెట్ ఎత్తి ముందు రెండు నాబ్‌లూ చూశాడు, డిక్కీలో కార్పెట్ ఎత్తి వెనక రెండూ చూశాడు. నాలుగూ సున్నా మీదే ఉన్నాయి. బావ చాదస్తుడే కానీ అబద్ధాలకోరు కాదు. డ్రైవర్ సీట్లో కూర్చుని వీధి చివరిదాకా వెళ్లొచ్చాడు. కొంచెం ఊగింది, అంతే. ఇంత మెత్తటి బండి ఎక్కడానికి ఈయనకేం రోగమని విసుక్కుంటూ లోపలికి వెళ్లాడు.

వరండాలో నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపిన మనిషి. ఇప్పటికీ కుర్చీలో కూర్చున్నా కుడిపాదం బ్రేకు కోసం వెతుకుతున్నట్టు కొంచెం ముందుకే ఉంటుంది. పక్కన క్లినిక్కి తీసుకెళ్లే సంచీ సర్దిపెట్టి అక్క నిలబడి ఉంది. బావ తాళాలు పట్టుకుని గుమ్మం దగ్గర. పదకొండింటికి అక్కడుండాలి.

మేస్త్రి ముందు మామూలుగానే అడిగాడు, ఎక్కడ నొప్పి పుడుతోందని. ఏం లేదన్నాడు నాన్న. ఏం లేకపోతే లేవమన్నాడు. రానన్నాడు నాన్న. కారు ఎత్తు తగ్గింది, ఎక్కడం కష్టంగా ఉందా? కాదట. బావ వేగంగా నడుపుతున్నాడా? అల్లుడుగారు బంగారంలా నడుపుతారట. దాంతో మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది. నాలుగు నెలల విసుగంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"చిన్నపిల్లాడివా నాన్నా? నోరు తెరిచి ఇదీ అని చెబితేగా మాకు తెలిసేది. నాలుగు నెలలు మేమంతా తలలు బద్దలుకొట్టుకున్నది నీకోసం కాదా?"

నాన్న కోప్పడలేదు. సంచీ వంక చూసి నెమ్మదిగా అన్నాడు.

"నాలుగు నెలల్లో నన్ను అడిగింది ఒక్కటేరా. నా బరువెంతని."

బావ తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. నాన్నే తను కూర్చునే రబ్బరు దిండు తీసి చేతికిచ్చి, వెనక సీట్లో కుడివైపు వేసుకుని బడి దాకా వెళ్లి రమ్మన్నాడు. అక్కడి స్పీడ్ బ్రేకర్ మీద ఎన్నిసార్లు లేచి పడ్డావో లెక్కపెట్టుకుని వచ్చి చెప్పమన్నాడు.

ఇరవై ఏళ్లలో మేస్త్రి వేల కార్లు బిగించి నడిపి చూశాడు. బిగించిన కారులో వెనక సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. బావ నడుపుతున్నాడు. బడి ముందు స్పీడ్ బ్రేకర్ మీద వెనక చక్రాలు ఎక్కాయి, దిగాయి. కారు లేచింది, పడింది. ఒకటి. మళ్లీ లేచింది. రెండు. ముందు కూర్చున్నవాడికి స్టీరింగ్ ఉంది పట్టుకోవడానికి, కాళ్లు తన్నిపెట్టుకోవడానికి చోటుంది. వెనకవాడికి ఏమీ లేదు, సరిగ్గా చక్రం నెత్తిన కూర్చుని ఉంటాడు. మూడు. నాలుగోది సగంలో ఆగింది. ప్రతిదీ సూటిగా తుంటి కీలులోకే వచ్చి తగిలింది, అదీ ఆపరేషన్ లేని తుంటికి.

మేస్త్రికి విషయం అర్థమవడానికి క్షణం పట్టలేదు. అందుకే ఇంకా సిగ్గేసింది. స్ప్రింగు ఎంత బిరుసైతే అంత గట్టిగా ఎగదన్నుతుంది. ఎగదన్నినదాన్ని పట్టుకుని ఆపాల్సింది షాకు. ఆ షాకుని సున్నాకి తిప్పేస్తే పట్టుకునేవాడే ఉండడు, కారు ఊగుతూనే ఉంటుంది. ట్రాక్ వాళ్లకి ఈ మాట నిద్రలో లేపినా చెబుతాడు. నాన్న దగ్గరికి వచ్చేసరికి మెత్తన అంటే సుఖమని గుడ్డిగా అనేసుకున్నాడు. అక్క బావని తిట్టింది, తను స్ప్రింగుల్ని తిట్టుకున్నాడు. తీరా చూస్తే నాన్న నడుం విరగ్గొట్టిన సున్నా తను పెట్టిందే.

రోడ్డు పక్కన ఆపించి డిక్కీ తెరిచి వెనక రెండూ ఆరు క్లిక్కులు బిగించాడు. మళ్లీ స్పీడ్ బ్రేకర్. మూడుసార్లు. తొమ్మిది క్లిక్కులు. రెండుసార్లు. పన్నెండు దగ్గర ఒక్క దెబ్బ తగిలింది, కాస్త గట్టిగానే, ఆ వెంటనే కారు కుదురుగా నిలబడిపోయింది. ముందు నాబ్‌లు కూడా ఆ లెక్కకే తెచ్చాడు. బిరుసుగా తెలుస్తోంది కదా, మామయ్యగారికి ఇబ్బందేమో అని బావ ముందు సీట్లోంచి అనుమానం మొదలుపెట్టాడు.

"బావా, నీకు పుణ్యముంటుంది, ఆ సీట్లోంచి ఇంకేం చెప్పకు."

ఇంటికొచ్చాక మేస్త్రి నాన్నతో మూడున్నర అని మాత్రం అన్నాడు. నాన్న తల పంకించి చేతికర్ర అందుకున్నాడు. అక్క సంచీ తీసుకుని గబగబా ముందు సీట్లో కూర్చుంది, ఎక్కడ మనసు మార్చుకుంటాడో అని. మేస్త్రి నాన్న పక్కనే వెనక కూర్చున్నాడు. బడి ముందు స్పీడ్ బ్రేకర్ వస్తుంటే నాన్న చెయ్యి దిండు అంచుని బిగించి పట్టుకుంది. వెనక చక్రాలు దిగాయి. ఒక్క దెబ్బ. నాన్న రెండోదాని కోసం కాచుకుని కూర్చున్నాడు. అది రాలేదు. కాసేపటికి చెయ్యి దిండుని వదిలింది.

మేస్త్రికి కళ్లు చెమ్మగిల్లాయి. దాంతో మళ్లీ కోపమొచ్చింది. ఈ ముక్క మొదటిరోజే చెబితే ఏం పోయేదని అడిగాడు. అప్పుడే చెబితే నాలుగు వ్యాయామాలు పోయేవి కావు, ఇంట్లో ఇంత రగడ జరిగేది కాదు. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. ఇటు తిరగలేదు.

"బస్సులో చివరి వరసవాళ్లు అరిచేవాళ్లురా. డ్రైవరూ, కాస్త మెల్లిగా పోనీ అని. ముసలాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు. ముప్పై ఒక్క ఏళ్లు అరిచారు. ఇష్టం లేకపోతే దిగి నడవండి అనేవాణ్ని. బండి అంతా నవ్వేది. ఒక్కరోజు కూడా వెళ్లి ఆ సీట్లో కూర్చోలేదు. ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని అరవను?"

మేస్త్రి నాన్న చేతి మీద చెయ్యి వేశాడు. నాన్న తీసెయ్యలేదు. పెద్ద రోడ్డు మీదికి తిరిగాక బావ వేగం బాగా తగ్గించి, అద్దంలోకి చూస్తూ అడిగాడు.

"మామయ్యగారూ, ముందు గతుకులున్నాయి. ఎలా పోనివ్వమంటారు?"

నాన్న మొదట నమ్మనట్టు అద్దంలోకి చూశాడు. తర్వాత కొంచెం ముందుకు వంగి, ఎడమ చక్రాన్ని రోడ్డు అంచు మీద పోనివ్వండి, రెండో గుంత దాటేదాకా బ్రేకు ముట్టుకోకండి అన్నాడు. బావ అలాగే పోనిచ్చాడు. క్లినిక్ వచ్చేదాకా నాన్న చెబుతూనే ఉన్నాడు, బావ అడుగుతూనే ఉన్నాడు.