ఛాంబరు నట్టు మీద పసుపు గీత

పోలిరాజు బండి కొన్నాడని నాకు చెప్పింది మా ఆవిడ గంగాలమ్మ. చేపలు కడుగుతూ, తలైనా ఎత్తకుండా చెప్పింది. "నల్లటిది. ఇంతెత్తున్నాది. లోపల తోలు సీట్లు, ఏసీ. నీ సావాసగాడెక్కడ, నువ్వెక్కడ" అంది. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. కూరలో ఉప్పెక్కువైందని వంక పెట్టి లేచిపోయాను.

నా పేరు తాతబాబు. ఫిషింగ్ హార్బర్లో బోటు ఇంజిన్లు బాగుచేస్తాను. స్క్రూడ్రైవరు మొన ఇంజిన్‌కి ఆనించి పిడి చెవికి పెట్టుకుంటే లోపల ఏది అరుగుతోందో చెప్పగలను. పోలిరాజూ నేనూ పెదజాలరిపేటలో ఒకే వీధిలో పుట్టాం. తొంభైల మొదట్లో ఇద్దరం ఒకే బోటు మీద వేటకెళ్ళేవాళ్ళం. వాడు బోటు నడిపేవాడు, నేను ఇంజిన్ చూసేవాణ్ణి.

మాలో ఒక కట్టుబాటుంది. ఇంజిన్ ఎవడు విప్పి బిగిస్తే, ఆ తర్వాత మొదటి వేటకి వాడూ బోటెక్కాలి. నడిసముద్రంలో ఇంజిన్ ఆగితే అందరితో పాటు వాడూ కొట్టుకుపోతాడు కాబట్టి, బిగించేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని బిగిస్తాడని పెద్దవాళ్ళ ఆలోచన. నేనెక్కిన రోజుల్లో పోలిరాజు చుక్కాని ఇంకొకడికి అప్పజెప్పి, ఇంజిన్ గది మూత మీద పడుకుని గురకపెట్టేవాడు. అంత మొద్దునిద్ర ఏమిటని అడిగితే, "నువ్వు బిగించిన ఇంజినుకి నాను మేలుకోడం దేనికి బావ" అనేవాడు.

రొయ్యలకి మంచి ధర వచ్చిన రోజుల్లో వాడు సొంత బోటు దించుతూ నన్ను వాటాకి రమ్మన్నాడు. సముద్రంలో డబ్బు పోసేవాడికి బుర్ర ఉండదని నేను నలుగురిలో వెక్కిరించాను. ఆ బుర్ర లేనివాడికి ఇప్పుడు నాలుగు బోట్లు, ఎంవీపీ కాలనీలో మేడ, ఈ నల్ల బండి. బుర్ర ఉన్న నాకు ఒక సామాన్ల పెట్టె. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నానంటే ఊరికే పోసుకోలేదు. అందులో సగం నాది కావలసింది, నా నోరే పోగొట్టింది. వాడు నాకేమైనా అన్యాయం చేసి ఉంటే తిట్టుకునైనా బతికేవాణ్ణి. ఏ పాపమూ చెయ్యని మనిషి మీద ఏడవడం చాలా కష్టమైన పని.

బండి కొన్న కొన్నాళ్ళకే పోలిరాజు దాన్ని తిన్నగా మా గుమ్మం ముందుకి తెచ్చి ఆపాడు.

"బోటూ డీజిలే, ఇదీ డీజిలే. దీన్ని గేరేజీవోళ్ళ సేతిలో పెట్టను బావ. నువ్వే సూడాల" అన్నాడు.

ఆ మాటతో నా కడుపుమంట సగం చల్లారింది. అప్పట్నించి నాలుగైదు నెలలకోసారి, ఆదివారం పొద్దున్నే, బండి మా ఇంటికి వచ్చేది. నేను గోనెసంచి పరుచుకుని కిందికి దూరేవాణ్ణి. ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టిని మేం ఛాంబరు అంటాం. దానికి కింద ఒక నట్టు ఉంటుంది. అది విప్పి పాత ఆయిలు డబ్బాలోకి దించి, వేళ్ళ మధ్య రాసి చూసి, ఫిల్టరు మార్చి, నట్టు బిగించి, కొత్త ఆయిలు పోసేవాణ్ణి. పోలిరాజు స్టూలు మీద కూర్చుని మా ఆవిడ ఇచ్చిన టీ తాగేవాడు. వీధంతా చుట్టూ మూగేది. బండి అందం అందరూ చూస్తారు, దాని కడుపు చూసింది నేనొక్కణ్ణే అని లోలోపల సంబరపడేవాణ్ణి.

రెండేళ్ళు అలా నడిచింది. రెండువేల ఆరులో ఆర్నెల్లు దాటినా బండి రాలేదు. ఒకరోజు హార్బర్లో కనిపించింది. ముందు అద్దానికి ఒక మూల గుండ్రటి స్టిక్కరు అంటించి ఉంది. మళ్ళీ ఎప్పుడు సర్వీసుకి తేవాలో తారీఖు, దాని కింద గాజువాక రోడ్డులో కొత్తగా పెట్టిన పెద్ద గేరేజీ పేరు.

"ఏటి బావ, గేరేజీకి ఇచ్చీసినావా?" అన్నాను, నవ్వు తెచ్చిపెట్టుకుని.

"లోపల లైటొకటి ఎలిగింది బావ. కంప్యూటరు తగిలిత్తే గానీ ఏటయిందో తెలీదట. నీకు సెప్తే నువ్వు మాత్తరం ఏటి సేత్తావు."

నిజమే. ఆ లైటు ఎందుకు వెలిగిందో నా స్క్రూడ్రైవరు చెప్పదు. నిజమని తెలిసినంత మాత్రాన మంట ఆరుతుందా? అక్కడ అద్దాల గదిలో కూర్చోబెడతారట. మిషనులోంచి కాఫీ వస్తుందట. నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చట. వాడు మురిసిపోతూ చెబుతుంటే పొరుగింటి పుల్లకూర రుచి అనుకున్నాను. మా ఆవిడ టీ ఇక వాడికి ఏం రుచిస్తుంది? ఇన్నాళ్ళూ బండి మీద ఉన్న అసూయంతా ఆ రోజుతో గేరేజీ మీదికి మళ్ళింది. బండి ఎలాగూ నాది కాదు. దాని కింద ఉన్న ఆ గోనెసంచంత చోటు నాది అనుకున్నాను, అదీ లాక్కున్నారు.

నవంబరులో ఒక ఆదివారం, పొద్దున్న ఏడింటికి, బండి మళ్ళీ మా గుమ్మం ముందు ఆగింది.

"అందరం అరకు ఎల్తన్నాం బావ. నిన్ననే గేరేజీలో సర్వీసయింది. ఓపాలి కిందకి దూరి సూడు. ఈలోగా నాను మా అప్పని సూసొత్తాను" అని పోలిరాజు పక్క వీధిలో ఉన్న వాళ్ళక్క ఇంటికి వెళ్ళాడు.

దూరాను. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. మరక లేదు, తడి లేదు. ఛాంబరు నట్టు మీంచి ఛాంబరు మీదికి సన్నగా ఒక పసుపు గీత గీసి ఉంది. నట్టుకి బొట్టు కూడా పెట్టారా అని నవ్వుకున్నాను. నా పనికి ఇరవై ఏళ్ళలో ఎవరూ బొట్టు పెట్టలేదు. అప్పుడు నా బుద్ధి గడ్డి తింది. స్పానరు తీసి ఆ నట్టుని వదులు చేశాను. మరీ ఎక్కువ కాదు, ఇంజిన్ అదురుకి ఆయిలు చుక్కలుగా పడేటంత. ఇంటికెళ్ళి పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకునే లోపు వాళ్ళ వాకిట్లో తెల్లటి టైల్స్ మీద మరక పడుతుంది. పోలిరాజు చూస్తాడు. గేరేజీవాళ్ళని తిట్టి నన్ను పిలుస్తాడు. ఎవరికీ ఏమీ కాదు, ఆ గేరేజీ పరువు తప్ప. అలా నాకు నేను చెప్పుకున్నాను.

పోలిరాజు వచ్చి, "ఎలగున్నాది?" అన్నాడు.

"బాగానే ఉన్నాది" అన్నాను. వాడు బండి తీసుకుని ఇంటికి వెళ్ళాడు.

గుమ్మంలో కూర్చుని వాడి కబురు కోసం ఎదురు చూశాను. గంట తర్వాత కబురు కాదు, బండే వచ్చింది. వెనక సీట్లో వాళ్ళావిడ సూర్యకళ, ఇద్దరు ఆడపిల్లలు, పులిహోర గిన్నె. సామాను గేటు బయటే ఎక్కించారట, వాకిట్లోకి బండే వెళ్ళలేదు. పోలిరాజు దిగి తాళం నా చేతిలో పెట్టాడు.

"ఎక్కు బావ. తోలేది నువ్వే."

"నానెందుకు?"

"ఇంజిను విప్పిన సెయ్యి మొదటి ఏటకి ఎక్కాల కదేటి."

"విప్పింది నాను కాదు కదా. గేరేజీవోళ్ళు."

"ఆళ్ళు వొత్తారేటి మనతోటి? అందుకే పొద్దున్న నీ సెయ్యి పెట్టించినాను. ఆళ్ళకి కంప్యూటరుంది గానీ, ఘాట్ రోడ్డు బావ, ఎనకాల ఆడగుంటలున్నారు. నీ సెయ్యి పడందే నాకు నిద్దరట్టదు."

సూర్యకళ కిటికీలోంచి, "రా అన్నయ్యా, పొద్దెక్కిపోతంది" అంది. చొక్కా మార్చుకొస్తానని లోపలికి వెళ్ళి, స్పానరు ప్యాంటు జేబులో వేసుకుని వచ్చాను. చేపల వ్యాను తోలిన రోజుల నుంచి లైసెన్సు ఉంది కాబట్టి ఆ వంకా లేదు.

గోపాలపట్నం దాటకముందే పోలిరాజు సీటు వెనక్కి వాల్చి గురక మొదలుపెట్టాడు. అచ్చం బోటు మీద పడుకున్నట్టే. వెనక పిల్లలు ఏదో పాట పాడుతున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. ఆయిలు తగ్గితే వెలిగే లైటు మీదే నా కళ్ళు. చుక్కలుగా పడుతోందో, ధారే కడుతోందో తెలీదు. అది ఘాట్ మలుపులో పూర్తిగా ఊడితే, ఆయిలు లేక ఇంజిన్ పట్టేస్తే, వెనకనుంచి లారీ వస్తే. ఆపి చెప్పెయ్యాలి. ఆ సిగ్నల్ దగ్గర చెబుతాను, ఈ వంతెన దిగాక చెబుతాను అనుకుంటూనే పెందుర్తి చేరాను. అక్కడ లైటు ఒక్కసారి వెలిగి ఆరింది.

బండి పక్కకి ఆపాను. పోలిరాజు కళ్ళు నులుముకుంటూ ఏటయిందన్నాడు. ఆయిలు వాసనొత్తందని చెప్పి కిందికి దూరాను. నట్టు చివరి మరల మీద వేలాడుతోంది. వేడి ఆయిలు మణికట్టు మీద పడి చుర్రుమంది. జేబులో స్పానరు తీసి, పళ్ళు బిగించి, దాన్ని బిగించాను.

పైకి వచ్చేసరికి అందరూ దిగి నిలబడి ఉన్నారు. చెప్పడానికి అదే సమయం. చెబుదామనే నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి, "గేరేజీవోళ్ళు నట్టు సరిగా బిగించలేదు బావ" అని వచ్చింది. సిగ్గులేని మాట చెబుతున్నాను, ఆ మాట అన్నప్పుడు నాకు తియ్యగానే ఉంది.

సూర్యకళ సింహాచలం కొండ వైపు తిరిగి దండం పెట్టింది. "అప్పన్నే నిన్ను మాతోటి పంపించినాడన్నయ్యా" అంది. ఆ తీపి కాస్తా అక్కడితో విరిగిపోయింది.

పోలిరాజు ముఖం ఎర్రబడింది. గేరేజీ బిల్లు తీసి, సెల్లులో ఆ నంబరుకి ఫోన్ చేశాడు. "మా గుంటలున్నారు బండిలో. ఛాంబరు నట్టు ఎవుడు బిగించినాడో ఆడి పేరు సెప్పండి. రేపట్నించి ఆడు మీ కాడ ఉండకూడదు" అన్నాడు. తర్వాత అవతలివాళ్ళు చెప్పేది విన్నాడు.

"ఏటి? పసుపు గీతా?"

నా చెయ్యి దానంతటదే జేబులో స్పానరుని తడుముకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

పోలిరాజు విన్న ముక్కలే మళ్ళీ పైకి అంటున్నాడు. "బిగించినాక నట్టు మీంచి ఛాంబరు మీదకి గీత్తారా... గీత కలిసుంటే ఎవులూ ముట్టుకోనట్టు... తప్పి ఎనకుంటే మీ తరవాత ఎవులో ఇప్పినట్టు... ఉండండి, సూత్తాను."

తెల్ల చొక్కాతో రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని తల కిందికి పెట్టాడు. బిగించేటప్పుడు నేను గీత చూసుకోలేదు. వాళ్ళు బిగించకుండా వదిలేసి ఉంటే నా బిగింపుకి అది ముందుకి దాటాలి, హడావిడిలో వెనకే ఆగి ఉంటుందని నాకు తెలుసు. నిన్న సాయంత్రం నుంచి ఆ బండి కిందికి దూరిన మనిషి నేనొక్కణ్ణే అని వాడికి తెలుసు. వాడు చాలాసేపు తల పైకి తియ్యలేదు.

లేచాక మోకాళ్ళకి అంటిన మట్టి కూడా దులుపుకోలేదు. ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "గీత కలిసే ఉన్నాది. నట్టు కదల్లేదు, తప్పు మాదే. మీవోణ్ణి ఏటీ అనకండి" అని పెట్టేశాడు.

"బావ, నానే..." అన్నాను.

"ఆయిలెంత తగ్గిందో సూడు" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఇంజిన్లో ఆయిలు కొలిచే పుల్ల తీసి చూశాను. కింది గీతకి ఇంకా కిందుంది. ఎదురుగా విడి సామాన్ల కొట్టులో వాడే ఆయిలు డబ్బా కొనుక్కొచ్చాడు. నేను గరాటు పట్టుకున్నాను, వాడు పోశాడు. ఇద్దరి చేతులూ ఆనుకునేంత దగ్గరగా ఉన్నాయి. తిట్టినా బాగుండేది. నాలుగు దెబ్బలేసి, పెందుర్తిలో దింపేసి పోయినా బాగుండేది. తాళం వాడి చేతికివ్వబోయాను.

"నువ్వే తోలు. కట్టుబాటు కట్టుబాటే" అన్నాడు.

బండి కదిలింది. వాల్చి ఉన్న సీటుని వాడు లేపి నిటారుగా పెట్టుకున్నాడు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలైంది. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నిద్రపోయారు. సూర్యకళ ముందుకి వంగి, "నువ్వూ కాసేపు నిద్దరోరాదా, అన్నయ్య తోల్తన్నాడు కదా" అంది.

"రాటంలేదు" అన్నాడు పోలిరాజు.

అరకు చేరేదాకా వాడు కళ్ళు మూయలేదు.