చమేలీ సలాం

బీరకాయ చెక్కు తీస్తుంటే మా అత్తగారు భారతమ్మ మళ్లీ మొదలుపెట్టింది. "ఆదివారం మా అన్న వస్తున్నడు. ఈసారన్న కాళ్లు మొక్కు. ఒక్కసారి వంగితే ఏం పోతది నవతా?"

ఏం పోతుందో నాకు తెలుసు. పోయిన నెల చుట్టాలింటి ఎంగేజ్‌మెంట్‌లో ఆ నరహరి మామయ్య నలుగురి ముందు, "పశువులను ముట్టిన చెయ్యి, జర సబ్బుతోని కడిగి వడ్డించు" అన్నాడు. అందరూ నవ్వారు, మా ఆయన దయాకర్‌తో సహా. అప్పటికి యాభై మందికి వడ్డించిన చెయ్యి అది. మామయ్య కాళ్లకు మొక్కకుండానే వచ్చేశాను. అప్పటి నుంచి ఉప్పు తక్కువైనా నా పొగరే, బట్టలు ఆరేయడం ఆలస్యమైనా నా పొగరే.

తార్నాకలో మా ఇంటి నుంచి నేను పనిచేసే పశువైద్యశాలకు ఆటోలో పది నిమిషాలు. అక్కడ ఎక్స్‌రే గది నాది. ఆరోజు అంబర్‌పేట్ నుంచి ముఖేష్ తన బరాత్ గుర్రం చమేలీని తెచ్చాడు. పెళ్లికొడుకు ముందు తల కిందికి వంచి సలాం కొట్టడం దాని పని. రెండు నెలలుగా కొట్టడం లేదట.

"ఉత్త పొగరు మేడం. ఒక్కసారి తల వంచితే ఏం పోతది దీనికి? రోగం లేదంటే చెప్పుండ్రి, రేపే మౌలాలిల ఇటుకల బండికి అమ్మేస్త."

నాకు ఒళ్లు మండింది. గడ్డి ఎలా తింటుందని అడిగాను.

"కింద ఏస్తే ముట్టది. చేతిల పెడితే తింటది. అన్నీ నఖరాలు."

కొంచెం మత్తిచ్చి, నిలబెట్టే మెడకు పక్క నుంచి ఎక్స్‌రే తీశాను. మా హెడ్ పార్థసారథి గారు ఒక్క చూపు చూసి, "క్లీన్‌గానే ఉందమ్మా, అది దాని మొండితనం" అని టీకి వెళ్లిపోయారు. పక్క నుంచి తీస్తే మెడ ఎముకల కుడి కీలు, ఎడమ కీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒకటి చెడినా రెండోది కప్పేస్తుంది. ఆయనకు తెలియక కాదు, టీ వేళయింది. నేను ఏటవాలుగా, రెండు వైపుల నుంచీ మళ్లీ తీశాను. భుజానికి దగ్గరగా కుడి కీలు ఉబ్బిపోయి, అంచులన్నీ గరుకు తేలి ఉంది. అయ్యో, ఎంత నొప్పి ఓర్చుకున్నావే తల్లీ!

రెండు కీళ్లూ ముఖేష్‌కు చూపించాను. "ఇది మంచిది. ఇది అరిగింది, కీళ్లవాతం. తల వంచితే పాణం పోతది దానికి."

"కొట్టిన మేడం," అన్నాడతను. "మొన్న బరాత్‌ల, అందరి ముందట." దాని మెడ మీద చెయ్యి వేసి ఏడ్చేశాడు.

"కీలుకు సూది ఏస్తం. దాణా ఛాతీ ఎత్తుల పెట్టు. మూడు నెలలు బరాత్ వద్దు. సలాం మాత్రం ఇగ ఎప్పటికీ వద్దు. మరి ఇటుకల బండి?"

"తౌబా మేడం! అమ్మనే అమ్మ."

పార్థసారథి గారు తిరిగొచ్చి, తెర చూసి, గొంతు సవరించుకుని, సూది సామాను తెమ్మని తానే కేకేశారు. నాకది చాలు.

సాయంత్రం తార్నాక మెట్రో దగ్గర దయాకర్ బండి ఎక్కి, హుషారుగా అంతా చెప్పాను. సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగాడు. "మంచి ఐడియా నవతా! నీకు గూడ మెడ నొప్పి, డాక్టర్ వంగొద్దన్నడని ఆదివారం అమ్మకు చెప్త. లొల్లే ఉండది."

పాపం, నా మేలు కోరే అన్నాడు. చాలా రోజుల తర్వాత మనసారా నవ్వొచ్చింది.

"వద్దు," అన్నాను. "నా మెడ మంచిగనే ఉన్నదని చెప్పు."