బాగున్న లిఫ్టుకు బోర్డు

ఆ భవనంలో అందరూ ఆయన్ని బ్రేకు బాబాయ్ అనేవారు. లిఫ్టు మెకానిక్. ఎవరైనా లోపల బిక్కుబిక్కుమంటుంటే "బ్రేకుందమ్మా, తాడు తెగినా పడదు" అని నవ్వేవాడు. భయపడేవాళ్ళంటే ఆయనకు మహా లోకువ. ఆ లోకువే ఇప్పుడు తన మెడకు చుట్టుకుంది.

గుండె ఆపరేషనై ఇంటికొచ్చాక రోజూ సాయంత్రం కాసేపు నడవమన్నారు. మొదటిసారి ఒంటరిగా లిఫ్టెక్కాడు. తలుపులు మూసుకున్నాయో లేదో గుండె దడదడలాడింది, ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఇక్కడే పోతే తలుపు తెరిచేదెవరు? భార్య చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి వెళ్తే, పరీక్షలు చేసి గుండె నిక్షేపంలా ఉందన్నారు. "దిగులుగా, భయంగా ఏమైనా ఉంటోందా?" అని డాక్టరమ్మ అడిగింది. "నాకు భయమేంటండీ" అని మీసం సవరించుకున్నాడు.

మర్నాడు ఆయన చేసిన పని లిఫ్టు మెకానిక్కుకు తప్ప ఇంకొకరికి తట్టదు. ఆయన ఉండేది పై అంతస్తు, మోటారు గది వాకిలి పక్కనే. లిఫ్టు మెయిన్ స్విచ్ ఆపేసి, మరమ్మతు జరుగుతోందని బోర్డు తగిలించాడు. మెట్లు ఇంకా ఎక్కకూడదన్నారు గనక ఇక నడకా లేదు, ఆస్పత్రీ లేదు. అడిగినవాళ్ళతో లిఫ్టు సామాను రావాలన్నాడు. లిఫ్టు విషయంలో ఆయన మాట కాదనేదెవరు? భార్య "ఒంట్లో ఎలా ఉందండీ" అంటే "భేషుగ్గా ఉంది" అనేవాడు. ఆవిడ అటు తిరగగానే కుర్చీలో ముడుచుకుపోయేవాడు. మెట్ల మీద ఎవరి ఆయాసం వినిపించినా టీవీ సౌండు పెంచేవాడు.

ఒక మధ్యాహ్నం గుమ్మం దగ్గర ఏదో దొర్లిన చప్పుడైతే తలుపు తీశాడు. ఎదురింటి టీచరమ్మ మెట్టు మీద కూలబడి ఉంది. కూరల సంచీ ఒరిగి ఉల్లిపాయలు కిందికి దొర్లుతున్నాయి. వాచిన మోకాలు రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వెందుకు లేచావు నాయనా? కింది వాళ్ళు వేరే మెకానిక్‌ని పిలుస్తామంటే నేనే వద్దన్నాను. 'అది ఆయన పని, ఇంకొకరు వేలు పెడితే మనసు కష్టపెట్టుకుంటాడు, కోలుకున్నాక ఆయనే చేస్తాడు' అన్నాను."

బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది. ఉల్లిపాయలు ఏరుతున్న వంకతో కాసేపు తల ఎత్తలేదు.

"లిఫ్టుకేం కాలేదండీ," అన్నాడు చివరికి. "నేనే ఆపేశాను. ఎక్కాలంటే భయం."

టీచరమ్మ ఆయన ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదని అర్థమయ్యాక ఆవిడ పెదవులు బిగుసుకున్నాయి.

"నీ భయం దాచుకోవడానికి నా మోకాళ్ళు దొరికాయా? దానికి తర్వాత కోప్పడతాను. ముందు ఆవిడకి చెప్పు."

వెనక్కి తిరిగితే భార్య గుమ్మంలోనే ఉంది. అంతా విన్నది. ఆయనకు ఆవిడ కళ్ళలోకి చూడడానికి ముఖం చెల్లలేదు.

"అడిగినప్పుడల్లా భేషుగ్గా ఉందన్నారు," అంది ఆవిడ మెల్లగా. "మీరు కులాసాగా ఉన్నారని నేను మొక్కని దేవుడు లేడు."

ఆ మాటకు ఆయన ఏడ్చేశాడు. ఇద్దరు ఆడవాళ్ళ ముందు, మెట్ల మీద, చేతిలో ఉల్లిపాయలతో. సిగ్గుతో చచ్చిపోతున్నా ఏడుపు ఆగలేదు. మోటారు గదిలోకి వెళ్ళి మెయిన్ వేసి వచ్చేసరికి భార్య ఆస్పత్రికి ఫోన్ కలిపి ఉంచింది.

"నేను చెప్పను. మీరే చెప్పండి."

ఆయన ఫోన్ అందుకున్నాడు. "గుండె బాగానే ఉందండీ. నాకే... భయంగా ఉంటోంది. ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నాను."

అవతలి నర్సు నవ్వలేదు. గుండె జబ్బు వచ్చినవాళ్ళలో చాలామందికి ఇలా ఉంటుందనీ, మాట్లాడడానికి వేరే డాక్టరున్నారనీ, రేపు పొద్దున రమ్మనీ చెప్పింది.

సరేనన్నాడు. పెట్టెయ్యబోయి ఆగాడు. టీచరమ్మ వింటోంది, భార్య వింటోంది. అయినా అడిగాడు.

"ఆ డాక్టరుగారి గది ఎన్నో అంతస్తులోనండీ?"