ఆరు రెట్ల బైనాక్యులర్

రోజూ హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తిరగడానికి ఆరు రెట్లు పెద్దగా చూపే చిన్న బైనాక్యులర్ చాలని యశోద టీచర్ కొనుక్కుంది. మెదక్‌లో నాయకుడిగా చలామణీ అయ్యే ఆమె భర్త ఇంద్రకరణ్‌కు అది నామోషీగా తోచింది. ఆయన ఇరవై రెట్లది, మెడ వంగిపోయేంత బరువైనది తెప్పించుకున్నాడు.

ఆదివారం అనుచరులను వెంటేసుకుని, యశోదతో పోచారం చెరువుకు వెళ్లాడు. బరువుకు బైనాక్యులర్ ఊగుతుంటే అవతలి గట్టు వైపు చూసి, "తెల్ల కొంగ. మస్తు పెద్దగుంది" అన్నాడు.

అనుచరులు వంతులవారీగా చూశారు. "అవునన్నా, గిసొంటి కొంగను ఎన్నడు చూడలే."

యశోద తన చిన్నదానితో నిదానంగా చూసింది. "గది కొంగ కాదు. తుమ్మకొమ్మకు చిక్కిన యూరియా సంచి."

"నీది చిన్నది గదా, గందుకే కొంగ సంచి లెక్క కనవడ్తుంది," అన్నాడు ఇంద్రకరణ్.

అంతలో గాలి వీచి, సంచి కొమ్మను వదిలి నీళ్ల మీదుగా పోయింది.

"చూడు, ఎగిరింది," అన్నాడాయన తృప్తిగా. అనుచరులు చప్పట్లు కొట్టారు.