కొట్టిన గన్నేరు

నా నోరు మంచిది కాదని ఊరంతా అంటారు. అననీ. ధాత నామ సంవత్సరపు కరువులో నోరు మంచిగా పెట్టుకోని బతికినోళ్ళెవురో నాకు చూపించండి, వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెడతాను.

మాది ఉదయగిరి కొండ కింద పల్లె. నా మొగుడు నారాయణయ్య ఉన్న నాలుగు ఆవుల్నీ తోలుకోని మేపుకి శ్రీశైలం అడవికి పోయినాడు. పోయినోడు పోయినట్టే, మంచికీ చెడ్డకీ కబురు లేదు. ఇంట్లో మిగిలింది నేను, మా వదిన మాలకొండమ్మ, నా చంటోడు శీనయ్య, బొల్లి మేక. వదినంటే నా మొగుడికి అక్క. చిన్నప్పుడే మొగుడు పోతే, పిల్లాజెల్లా లేక పుట్టింటికి వచ్చేసినాది. శీనుడు పుట్టినకాడ్నించీ ఆమె చంక దిగింది లేదు. వాడికి నేను తల్లినో ఆమె తల్లో తెలీనట్టు ఉండేది.

తిండి లేక నాకు పాలెండిపోయినాయి. శీనుడికి ఇంకా పళ్ళు గూడా రాలా. బొల్లి పొద్దునో ముంతెడు, మాపటికి అరముంత ఇస్తే అదే వాడి ప్రాణం. మా మేకల మందలో మిగతావన్నీ ఒకటెనక ఒకటి పోయినాయి. ఇది పోతే బిడ్డ పోతాడని మా ఇద్దరికీ తెలుసు.

ఇంక నా గన్నేరు. నేను కాపరానికి వచ్చేటప్పుడు చేజర్లలో మా నాయన తన దొడ్లో గన్నేరు కొమ్మ కోసి, మొదట్లో పేడముద్ద అద్ది, తడిగుడ్డ చుట్టి నా చేతిలో పెట్టినాడు. నీళ్ళు పోసుకునే జలకాల బండ పక్కన నాటినాను. మొదటి ఎండాకాలం తాటాకు నీడ కట్టినాను. పూత అయిపోయినాక ప్రతి ఏడూ కొసలు కోసి, మొదలు గుల్ల చేసి బూడిద చల్లేదాన్ని. అట్టా కోస్తేనే గుబురుగా వస్తాది. మా నాయన ఒకటే చెప్పినాడు. “పచ్చాకు చేదమ్మా, మేక మూతి పెట్టదు. వాడినాక చేదు తగ్గుతాది గానీ విషం తగ్గదు. కోసిన కొమ్మని గొడ్డు కంట పడనీయబాక.” నేను కోసిన పొద్దే గుంత తీసి పూడ్చేదాన్ని. ఎందుకని వదిన ఎన్నడూ అడగలా. పూలచెట్టు పిచ్చి నాకు, మేకల పిచ్చి ఆమెకు.

ధాత ఏడు పోయి ఈశ్వర ఏడు వచ్చినా చినుకు పళ్ళా. ఊళ్ళో పచ్చనిదంటూ ఉంటే కొండమీద జెముడు, నా గన్నేరు. మొండిముండ, గులాబిరంగు పూలు పూసి సాయంత్రమయ్యేసరికి దొడ్డంతా వాసన కొట్టేది. ఆ వాసన పీలిస్తే కాసేపు మనిషినే అనిపించేది నాకు. శీనుడి ఒళ్ళు కడిగిన నీళ్ళు దాని మొదట్లో పోస్తుంటే వదిన అరిచేది.

“ఏందే నీ వయ్యారం? కూటికి లేదు గానీ కొప్పుకి పూలంట! ఆ నీళ్ళు బొల్లికి పొయ్యి.”

“మురికి నీళ్ళు నీ మేక తాగుతాదా? నువ్వు తాగు.”

ఇట్టా ఉండేది మా సరసం.

ఒకనాడు బొల్లి కట్టు తెంపుకోని కొట్టం కప్పులో బోదగడ్డి పీక్కోని తిన్నాది. ఏళ్ళనాటి బోద, మసి పట్టి నల్లగా ఉండాది. అది చూసి వదినకి గుండె జారిపోయినాది.

“బోద తిన్నది రేపు గన్నేరు తినదా? ఆకలి రుచెరగదంటారు. దాన్ని మొదలంటా కొట్టేస్తాను.”

“పచ్చిది తినదు వదినా. నిలబడినంత కాలం దానివల్ల చెరుపు లేదు. దాని మీద చెయ్యేస్తే మర్యాద దక్కదు.”

“నీకు బిడ్డకన్నా చెట్టెక్కువే పాపిష్టిదానా!”

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకున్నాది. వాడినాకు సంగతి చెప్పకుండానే లోపలికి పోయినాను.

మర్నాడు కరువు పనికి పోయినాను. బాట మీద కంకర కొడితే గింజలు కొలిచేవాళ్ళు. పొద్దు వాలేసరికి ఇంటికొచ్చి చూస్తే జలకాల బండ పక్క బోసిగా ఉండాది. కొడవలి పెట్టి నరికేసినాది! నేను నోరు తెరిచినాను, వదిన ఏడుతరాలూ తిరగేసేదాన్నే. అప్పుడు కొట్టం కంటబడినాది.

బోద పోయిన కప్పుమీద, మేకకి ఎండ తగలకూడదని, గన్నేరు కొమ్మలు పరిచి ఉండాయి. పొద్దున కొట్టినవి, ఆ ఎండకి మధ్యాన్నానికే వాడి వేలాడినట్టుండాయి. అందినకాడికి ఆకు లేదు, వట్టి పుల్లలు. బొల్లి మూతినుంచి చొంగ కారతా ఉండాది.

“ఓరి దేవుడా!” అని అరిచి కొమ్మలన్నీ లాగి అవతల పారేసినాను. నేను చెట్టుకోసం ఏడుస్తున్నాననుకున్నాది వదిన. “పోనీలేవే, వానలొస్తే ఇంకోటి నాటుకుందువు. మేక కళ్ళముందే ఉంటే నాకు భయం పోయినాది,” అని నా వీపు నిమిరినాది. ఆ నిమరడంతో నా నోరు పడిపోయినాది. ప్రేమతోనే గదా చేసినాది.

తెల్లారేసరికి బొల్లి కట్టెలా బిగుసుకోని ఉండాది. వదిన దాని తల ఒళ్ళో పెట్టుకోని, “ఎండదెబ్బ తల్లీ, నీడ ముందే వేయాల్సింది నేను,” అని గోడుగోడున ఏడ్చినాది. ఎండదెబ్బే అనుకోనిద్దాం అనుకున్నాను. గన్నేరాకని తెలిస్తే ఆ మనిషి బతకదు.

కానీ ఏడుపు ఊరంతా విన్నాది. పక్కింటి చెంచయ్య కత్తి పట్టుకోనే వచ్చినాడు. వెనక ఎముకలగూళ్ళలాంటి ఆడోళ్ళు, చేతుల్లో చట్లు.

“ఇప్పుడే గదమ్మా పోయింది. తోలు తీస్తే తలా ముక్క వస్తాది,” అన్నాడు.

వదిన కళ్ళు తుడుచుకోని నావైపు తిరిగినాది. “దేవకా, కారిజం నువ్వు తిను. రెండు ముక్కలు కడుపులో పడితే నీకు పాలు పడతాయేమో. శీనుడు బతుకుతాడే.”

చెంచయ్య కత్తి మేక మెడకాడికి పోయినాది. నేను చెయ్యి అడ్డం పెట్టినాను.

“వద్దు. పూడ్చేద్దాం.”

“దాచుకోని తిందామనా? కరువులో నీ ఒక్కదానికేనా ఆకలి?” అని గయ్యిమన్నాడు.

“విషం తిన్నది రా! గన్నేరాకు తిన్నది! వాడినాకు తిని చచ్చింది, దాన్ని తింటే మీరూ చస్తారు!”

అరిచేసినాను. అందరూ కప్పువైపు చూసినారు, నరికిన మోడువైపు చూసినారు, ఆఖరికి వదినవైపు చూసినారు. ఆమె నావైపు మాత్రమే చూసినాది. చెంచయ్య కత్తి దించి, తువ్వాలు నోటికడ్డం పెట్టుకోని వెళ్ళిపోయినాడు. చట్లు పట్టుకున్న ఆడోళ్ళు ఇంకాసేపు నిలబడి వాళ్ళూ పోయినారు. వాళ్ళ పిల్లలు ఇంటికాడ కాచుకోని ఉంటారు గదా.

అప్పుడు లోపల శీనుడు ఏడ్చినాడు. పాలపొద్దు అది. వదిన లేచి పోయి వాణ్ణి తెచ్చుకోని, పైట పక్కకి లాగి తన రొమ్ముకి పట్టుకున్నాది. బిడ్డనే కనని మనిషి! వాడు లాగినాడు, ఏమీ రాక ఇంకా గట్టిగా ఏడ్చినాడు. ఆమె ఇంకో పక్కకి మార్చినాది. నేను పోయి ఆమె రెక్క పట్టుకున్నాను.

“లే వదినా. ఆత్మకూరులో గంజి తొట్టి పెట్టినారంట. పసిబిడ్డలకి పాలు కలిపి పోస్తారంట. లే.”

మేకని పూడ్చి బయలుదేరినాం. దోవపొడుగునా ఆమె బిడ్డను నా చేతికివ్వలా. దొరికిన కాడ బెల్లం నీళ్ళు గుడ్డలో ముంచి వాడి నోట్లో పిండతా వచ్చినాది. వాడు రానురాను ఏడవడం గూడా మానేసినాడు. వీడు పోతే నిన్ను చంపి నేను చస్తానని మనసులో ఎన్నిసార్లు తిట్టుకున్నానో, ఆ దేవుడికే తెలుసు.

ఆత్మకూరులో తొట్టికాడ జనం జాతరలా ఉన్నారు. మా వంతు వచ్చి గరిటెడు గంజి ముంతలో పోసినారు. నేను ఊదినాను, ఆమె వేలు ముంచి వాడి నాలికమీద పెట్టినాది. కారిపోయినాది. మళ్ళీ పెట్టినాది, మళ్ళీ కారినాది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోబోయినాది. నేను ఆ చెయ్యి పట్టుకోని, ఆమె వేలినే మళ్ళీ ముంతలో ముంచినాను, వాడి నోట్లో పెట్టించినాను.

“దేవకా,” అన్నాది వదిన. “గుటకేసినాడే. వీడు గుటకేసినాడు!”

అని బోరుమన్నాది. నేనూ ఏడ్చినాను. ఏడస్తానే ఆమె వీపుమీద గట్టిగా ఒక్కటి చరిచి, మెడకి చేతులేసి పట్టుకున్నాను.