మామయ్య లారీలో అంతా ఒరిజినలే

స్పేర్ పార్ట్స్ దుకాణం కౌంటరు వెనక పన్నెండేళ్లుగా నిలబడుతున్న ఆమెను డ్రైవర్లందరూ నంబర్లమ్మ అంటారు. అరిగిపోయిన ముక్క చేతిలో పెడితే చాలు, అది ఏ బండిదో, ఏ అరలో ఉందో చూడకుండా చెప్పేస్తుంది. అంతటి మనిషి వారం రోజుల్లో రెండుసార్లు ఒకే లారీకి పనికిరాని గొట్టం ఇచ్చింది. అదీ ఎవరి లారీకి? సొంత మామగారి లారీకి! ఆమెకు తల కొట్టేసినట్టయింది.

లారీని ఇప్పుడు నడిపేది ఆమె భర్త. ముప్ఫై ఏళ్లు నడిపి కొడుక్కి స్టీరింగు అప్పగించిన మామయ్య మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి బానెట్ మీద చెయ్యి వేస్తే గానీ కాఫీ ముట్టడు. "నట్టుతో సహా అంతా ఒరిజినలే. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది," అని దారిన పోయేవాళ్లని ఆపి మరీ చెబుతాడు. వినే ఓపిక ఉన్నవాడికి కాఫీ కూడా ఇప్పిస్తాడు.

నెల్లాళ్లుగా ఆ ఒరిజినల్ లారీకి పుల్లింగ్ తగ్గింది. ఖాళీగా ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. లోడు వేసి ఎత్తు ఎక్కమంటే నల్లటి పొగ కక్కి, రొప్పి, నిలబడిపోతుంది. ఈ ఉదయం ఇటుకల యార్డు నుంచి రోడ్డెక్కే ఏటవాలు కింద, నిండు లోడుతో మొరాయించింది. యార్డు మేనేజరు నాలుగింటి దాకా గడువిచ్చాడు. ఆలోగా లోడుతో పైకి ఎక్కితే సరి, లేకపోతే రేపటి నుంచి ఇటుకలు వేరే బండిలో పోతాయి. లారీకి మిగిలిన పని అదొక్కటే. భర్త ఇంజన్ పోయిందని తేల్చేసి, పాత ఇనుము వ్యాపారికి ఫోన్ కూడా చేసేశాడు.

"ఇంజన్‌కి ఏ రోగమూ లేదు. దానికి గాలి ఆడటం లేదు, అంతే," అంది ఆమె, దుకాణంలో సగం రోజు సెలవు పెట్టి యార్డుకు వచ్చీ రాగానే.

"నువ్వు ఇచ్చిన గొట్టాలు రెండూ పట్టలేదు కదా?" అన్నాడు భర్త.

"గొట్టాలు పట్టలేదు. అంతమాత్రాన నేను చెప్పిన రోగం తప్పయిపోతుందా?"

వారం కిందటే ఆమె కళ్లారా చూసింది. ఇంజన్‌కి గాలి ఫిల్టరు డబ్బాలోంచి ఒక లావుపాటి రబ్బరు గొట్టం గుండా పోతుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆ గొట్టాన్ని చూస్తే వంక పెట్టడానికి లేదు. భర్తను యాక్సిలరేటర్ తొక్కమని, పక్కన గొంతుక్కూర్చుని చూస్తే, మనిషి బుగ్గలు పీల్చుకున్నట్టు గొట్టం నడుమ లోపలికి పోయింది. రబ్బరు లోపల ఉండాల్సిన తీగచుట్ట తుప్పుపట్టి విరిగింది. ఊపిరి తీసుకోవాల్సిన దారే మూసుకుపోతే ఏ ఇంజన్ మాత్రం ఎత్తు ఎక్కుతుంది?

రోగం తెలిసింది, మందే కుదరలేదు. ఈ మోడల్‌కి కంపెనీ పార్టుల పుస్తకంలో ఉన్న గొట్టం తెస్తే, ఇంజన్ వైపు చక్కగా కూర్చుంది. డబ్బా వైపు మూతి చాల్లేదు. ప్యాకింగులో పొరపాటనుకుని మరొకటి తెప్పించింది. అదీ అంతే.

ఇవాళ ఆమె కొలిచే కాలిపర్ తెచ్చుకుంది. పుస్తకం ప్రకారం డబ్బా మూతి డెబ్భై అయిదు మిల్లీమీటర్లు. కాలిపర్ తొంభై చూపించింది. పుస్తకం అబద్ధం చెప్పదు, ఇనుమూ అబద్ధం చెప్పదు. ఇక మిగిలింది మనుషులే.

గొట్టాన్ని వదిలేసి డబ్బాను పట్టి చూసింది. దాని పక్కన బోల్టులు లేని పాత రంధ్రాలు రెండు ఉన్నాయి. డబ్బా చుట్టూ పాత పెయింటు అంచు వేరే ఆకారంలో కనిపిస్తోంది. నంబరు రేకు ఉండాల్సిన చోట ఆకురాయితో అరగదీసిన గీతలు. ఎవరో పని గట్టుకుని, తీరిగ్గా అరగదీశారు. ఈ లారీ మీద మామయ్యను కాదని చెయ్యి వేసినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఆమెకు కోపం ముంచుకొచ్చింది. రెండు గొట్టాలు, పన్నెండేళ్ల పేరు! కానీ ఇటుకల దొంతర మీద కూర్చుని లారీ వైపే చూస్తున్న మామయ్య ముఖం చూశాక ఆ కోపం నోటి దాకా రాలేదు. దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగింది.

"మామయ్యా, ఆ డబ్బా ఏ బండిది?"

"దీనిదే." ఆయన కళ్లు మాత్రం ఇటుకలు లెక్కపెడుతున్నాయి.

మూడుంబావుకే పాత ఇనుము వ్యాపారి దిగాడు. లారీ చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, లాక్కెళ్లే గొలుసును ముందు చక్రం దగ్గర ధన్‌మని పడేశాడు. మామయ్య ఉలిక్కిపడ్డాడు.

"తొంభై మూతి గొట్టాలు మా దుకాణంలో ఆరు రకాలున్నాయి మామయ్యా. ఒక్కోదానికి ఒక్కో వంపు. నలిగి సాగిపోయిన పాతదాన్ని చూసి అసలు వంపు పోల్చలేను. తప్పు వంపు పెడితే మళ్లీ నలిగిపోతుంది. నాకు ఒక్కసారి వెళ్లొచ్చేంత టైమే ఉంది," అంది ఆమె. 

మామయ్య లేచాడు. కొడుకు ఉన్నాడు, వ్యాపారి ఉన్నాడు, లోడు ఎక్కించిన కూలీలున్నారు. అందరికీ వినపడేలాగే చెప్పాడు.

"బస్సుది. ముక్కు చదునుగా ఉండే పాత బస్సులుండేవి చూడు, వాటిది. క్వారీలో లోడుతో మూడు రోజులు ఇరుక్కుపోయాను. అసలు డబ్బా పగిలింది. పక్కన పాడుపడ్డ బస్సుంటే దాన్నుంచి గొట్టంతో సహా పీకి పెట్టాను. బండి కదిలింది, నేను నోరు మూసుకున్నాను. తర్వాత తెరవడానికి మొహం చెల్లలేదు."

"నాన్నా!" అన్నాడు కొడుకు.

ఆమె అప్పటికే స్కూటరు మీద ఉంది. ఆ బస్సు గొట్టం ఎక్కడుందో ఆమెకు తెలుసు: వెనక గదిలో, ఎవరూ అడగక దుమ్ము కొట్టుకుపోయిన మూడో కొక్కేనికి. ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చింది. రెండు మూతులూ గుడ్డతో తుడిచింది, లోపల వేలు పెట్టి దుమ్ము లేదని చూసుకుంది, గొట్టం తొడిగింది. వంపు అచ్చంగా సరిపోయింది. క్లిప్పులు రెండూ బిగించి, భర్తను స్టార్ట్ చేయమంది. ఇంజన్ అందుకుంది. అప్పుడామె ఒక చెక్క తీసుకుని డబ్బాకు గాలి వచ్చే దారికి అడ్డంగా నొక్కింది. ఇంజన్ గిలగిలలాడి టక్కున ఆగిపోయింది.

వ్యాపారి పకపకా నవ్వి గొలుసు అందుకున్నాడు. "అయిపోయిందమ్మా, దాని పని!"

"ఆగాలనే చెక్క పెట్టాను," అందామె. "ఇంకెక్కడి నుంచైనా గాలి లాగుతుంటే ఆగేది కాదు. ఆగిందంటే కొత్త గొట్టం ఎక్కడా లీకు లేదన్నమాట. గొలుసు పక్కకు జరపండి, చక్రం కింద పడుతుంది."

నాలుగింటికి అయిదు నిమిషాలుందనగా లారీ నిండు లోడుతో ఏటవాలు ఎక్కింది. పొగ పల్చగా ఒక్కసారి వచ్చి పోయింది. సగం దూరంలో భర్త గేరు మార్చినప్పుడు ఆమె ఊపిరి బిగబట్టింది, మామయ్య ఆమె మోచేయి పట్టుకున్నాడు. లారీ రోడ్డెక్కి, పైన నిలబడి హారన్ కొట్టింది. ఆయన కళ్లు తుడుచుకోవడం ఆమె చూసింది. చూడనట్టు ఉండాలనుకోలేదు. తన చున్నీ కొస అందించింది.

వ్యాపారి గొలుసు చుట్టుకుంటూ, పోతూ పోతూ పలకరించాడు. "గట్టి బండే పెద్దాయనా. మిగతా సామానంతా ఒరిజినలేనా?"

మామయ్య అలవాటుగా నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. కోడలి వైపు చూశాడు.

"క్లచ్ ప్లేటు..." అన్నాడు చిన్నగా. "ఎడమ వైపు అద్దం... ఆ హారన్ కూడా..."

నంబర్లమ్మ సంచీలోంచి నోటు పుస్తకం తీసి, కొత్త పేజీ తిప్పింది. పెన్ను మూత పళ్లతో లాగింది.

"ఒక్కొక్కటే చెప్పండి మామయ్యా. తొందరేం లేదు."