తోటికోడలి పాస్‌వర్డ్

పెద్ద కోడలి కంప్యూటర్‌కి అనుమానం జాస్తి. పొద్దున తెరవగానే పాస్‌వర్డ్ అడుగుతుంది. టీ తాగి వచ్చేసరికి మళ్ళీ అడుగుతుంది. ప్రింటర్ కలపాలన్నా, కొత్త ఫాంటు వేయాలన్నా, చివరికి గడియారం సరిచేయాలన్నా అడుగుతుంది. పద్నాలుగు అక్షరాలు! కట్టుకున్న మొగుడు కూడా ఆవిణ్ణి ఇన్నిసార్లు "ఎవరది?" అని అడిగి ఉండడు.

పక్క బల్ల మీద చిన్న కోడలి కంప్యూటర్‌ది వేరే సిస్టమ్. వేలు ఆనిస్తే చాలు, తెరుచుకుంటుంది. ఆ పిల్ల కబుర్లు చెబుతూనే సగం ప్లాను గీసి పారేస్తుంది. చూసినప్పుడల్లా పెద్ద కోడలికి కడుపు రగిలిపోయేది.

మామగారిది ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసు. ఒకరోజు ఆయన ఇద్దర్నీ పిలిచారు.

"రెండు రకాల సిస్టమ్‌లతో ఫైళ్ళు అటూ ఇటూ తిప్పలేక చస్తున్నామమ్మా. శుక్రవారం ఇద్దరూ నా ముందు ఒకే ప్లాను గీసి చూపించండి. ఏది తేలికైతే అదే అందరికీ పెడదాం. అది బాగా వచ్చినవాళ్ళు ముందుగదిలో కూర్చుని మిగతావాళ్ళని నడిపిస్తారు."

ముందుగది మీద పెద్ద కోడలు పదకొండేళ్ళుగా కన్నేసి ఉంది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల దాన్ని ఒక్క వేలితో ఎగరేసుకుపోతుందా?

చిన్న కోడలికి మతిమరుపు. కంప్యూటర్ కొన్నరోజే, "అక్కా, నాకు గుర్తుండి చావదు, నువ్వే గుర్తుపెట్టుకో" అని తన పాస్‌వర్డ్ ఆవిడ చెవిలో వేసింది. ఆ తర్వాత అంతా వేలితోనే.

గురువారం అందరూ భోజనానికి లేచాక పెద్ద కోడలు ఆ బల్ల దగ్గర కూర్చుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి వేలిముద్ర చెరపబోతే, ఆ మహాతల్లి కంప్యూటర్ కూడా పాస్‌వర్డ్ అడిగింది. "నువ్వూ అడుగుతావుటే!" అని మురిసిపోతూ కొట్టేసింది.

శుక్రవారం చిన్న కోడలు వేలు పెట్టింది. తెరుచుకోలేదు. కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. పాస్‌వర్డ్ కొట్టమంది.

"అక్కా, నీకు చెప్పానుగా, కాస్త కొట్టవూ?"

పెద్ద కోడలు నుదురు రుద్దుకుంది. "ఎప్పటి మాట తల్లీ! నాకూ గుర్తులేదు."

మామగారు నిట్టూర్చారు. "నీదే నయం, పెద్దమ్మాయ్. విసిగించినా తెరుచుకుంటుంది."

ముందుగది పెద్ద కోడలిదైంది. రెండు రోజులు ఆవిడ కాళ్ళు నేలమీద ఆనలేదు.

సోమవారం చిన్న కోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. "మెకానిక్ బాగుచేశాడక్కా. గురువారం ఎవరో నా వేలిముద్ర చెరిపేశారట."

"అయ్యో! ఎవరై ఉంటారే?"

"చెరపాలంటే పాస్‌వర్డ్ కొట్టక తప్పదట. అది నీకొక్కదానికే తెలుసు." ఆ పిల్ల గొంతు పెంచలేదు. "ముందుగది కావాలని నాతో ఒక్క మాటంటే, నేనే మామయ్యగారికి చెప్పి ఇప్పించేదాన్ని కదక్కా."

దొంగకు తేలు కుట్టినట్టు పెద్ద కోడలు తెరవైపు తిరిగి తన పద్నాలుగు అక్షరాలూ కొట్టుకోసాగింది.

చిన్న కోడలు ఆ సంగతి మామగారి దాకా పోనివ్వలేదు. ఆ వారమే అందరికీ పెద్ద కోడలి సిస్టమే పెట్టారు. పెట్టిన రోజు సాయంత్రం ఆవిడ పనులు చెప్పడానికి మిగతావాళ్ళు కూర్చునే వెనకగదికి వెళ్ళింది. చిన్న కోడలు కొత్త పాస్‌వర్డ్‌ని, మరిచిపోతానన్న భయంతో, కళ్ళు మూసుకుని గొణుగుతూ వల్లెవేసుకుంటోంది. అడుగుల చప్పుడు వినగానే కళ్ళు తెరిచి, ఎవరో చూసి, నోరు మూసేసింది.